తెగిన బంధం లేజర్ ఎంచుకున్నదేనా? కొన్ని ఆధారాల పరిశీలన

1. అణువులో ఎన్ని బంధాలున్నా వాటిలో కోరిన ఒక్కదాన్నే కాంతితో తెంచవచ్చన్న ఆశ, 1960లో లేజర్ వచ్చిన కొద్దికాలానికే రసాయన శాస్త్రంలో మొదలైంది. తీవ్రమైన ఫెమ్టోసెకను పల్స్‌లతో 1998 నుంచి 2001 వరకు జరిగిన ప్రయోగాలతో ఆ ఆశ నెరవేరిందని తరచుగా చెబుతుంటారు. ఈ మాట పూర్తిగా తప్పని అనడానికి ఆధారం లేదు. అయితే ఇందులో మూడు వేర్వేరు ప్రతిపాదనలు కలగలిసి ఉన్నాయి. విడదీసి చూస్తే మూడింటికీ ఉన్న ఆధారాల బలం ఒకే స్థాయిలో లేదని తెలుస్తుంది.

(అ) అణువు ముక్కలయ్యేటప్పుడు ఏ ముక్క ఎంత వస్తుందన్న నిష్పత్తిని లేజర్‌తో మార్చవచ్చు.
(ఆ) ఆ మార్పుకు కారణం పల్స్ ఆకృతి, అంటే పల్స్‌లోని వేర్వేరు రంగుల మధ్య ఉన్న దశల అమరిక. తీవ్రత, నిడివి మాత్రమే కారణం కాదు.
(ఇ) ఆ ఆకృతి ఎంచుకున్నది ఒక నిర్దిష్ట బంధాన్నే.

మొదటి ప్రతిపాదన రుజువైతే మిగతా రెండూ రుజువైనట్టు కాదు. ఈ రంగంలో వచ్చిన వివాదాల్లో చాలావరకు ఈ మూడింటినీ ఒకటిగా తీసుకోవడం వల్ల వచ్చినవేనని తోస్తుంది.

2. మూలాల దగ్గరే ఒక తికమక ఉంది. లేజర్‌తో ఎంపిక సాధ్యమనడానికి తొలి ఉదాహరణగా 1970ల నాటి సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ప్రయోగాలను చూపుతారు. మాస్కో సమీపంలోని ట్రోయిట్స్క్‌లో లెతోఖోవ్ బృందం, అమెరికాలో లాస్ అలమోస్ బృందం 1975లో కొద్ది నెలల తేడాతో వీటిని ప్రచురించాయి. కార్బన్ డయాక్సైడ్ లేజర్ పరారుణ కాంతితో, ఒక సల్ఫర్ ఐసోటోపు ఉన్న అణువులను విడగొట్టి, మరో ఐసోటోపు ఉన్నవాటిని మిగల్చడం ఈ ప్రయోగాల సారాంశం. ఆ లేజర్ ఇచ్చే ఒక్కో ఫోటాన్ శక్తి సుమారు 0.12 ఎలక్ట్రాన్ వోల్టులు. సల్ఫర్, ఫ్లోరిన్ బంధం తెగాలంటే దాదాపు 4 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అంటే ఒక్కో అణువు ముప్పైకి పైగా ఫోటాన్లను గ్రహించవలసి ఉంటుంది. అది నిజంగా జరిగింది.

ఇక్కడ జరిగిన ఎంపిక ఎలాంటిదో గమనించాలి. ఏ అణువు పగలాలన్నది ఎంచుకున్నారు కాని, అణువులో ఏ బంధం తెగాలన్నది ఎంచుకోలేదు. హెక్సాఫ్లోరైడ్‌లోని ఆరు బంధాలూ ఒకటే రకం కాబట్టి అలా ఎంచుకునే ప్రశ్నే లేదు. బంధాన్ని ఎంచుకోవాలని చేసిన ప్రయత్నాలు ఆ దశాబ్దంలో చాలావరకు ఫలించలేదు. అందుకు సాధారణంగా ఒప్పుకునే కారణం ఇది: ఒక బంధం కంపనానికి అందించిన శక్తి పికోసెకన్లలోనే, గిన్నె అంచున తగిలిన వేడి గిన్నె అంతటా పాకినట్టు, అణువులోని మిగతా కంపనాల్లోకి పంచుకుపోతుంది. చివరికి తెగేది అన్నిటికన్నా బలహీనమైన బంధమే. దానికి లేజర్ అక్కర్లేదు, మంట చాలు. అహ్మద్ జెవైల్ 1980లో రాసిన ఒక వ్యాసానికి లేజర్‌తో ఎంపిక చేసిన రసాయనం సాధ్యమేనా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టడానికి నేపథ్యం ఇదే. సమాధానం, శక్తి పంపకం జరగకముందే పని ముగించడంలో ఉందని అప్పటికే కొందరికి తోచింది. సమయం ఫెమ్టోసెకన్లకు కుదించుకోవలసిన అవసరం ఇక్కడి నుంచి వచ్చింది.

దీనికి ఒక మినహాయింపును తప్పక చెప్పుకోవాలి. ఒక హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం ఉన్న నీటి అణువు మీద విస్కాన్సిన్‌లో ఫ్లెమింగ్ క్రిమ్ బృందం 1990లో ఒక ప్రయోగం చేసింది. ముందు ఆక్సిజన్, హైడ్రోజన్ బంధాన్ని నాలుగు మెట్లు కంపింపజేసి, తర్వాత ఒక అతినీలలోహిత ఫోటాన్ వేస్తే, ఆ బంధం తెగడం రెండో బంధం తెగడం కన్నా సుమారు 15 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇందులో అతితీవ్రమైన పల్స్ లేదు, ఆకృతి దిద్దడమూ లేదు. మూడే పరమాణువులున్న చిన్న అణువు కావడం, రెండు బంధాల కంపనాలకు పౌనఃపున్యం బాగా వేరుగా ఉండడం వల్ల ఇది కుదిరిందని అనుకోవచ్చు. ఎంపిక అన్న ఘనతను తీవ్ర పల్స్‌లకు మాత్రమే కట్టబెట్టే కథనాలను ఈ ఒక్క ఆధారమే ప్రశ్నిస్తుంది.

3. సిద్ధాంతం పక్షాన తొలి పేరు ఎవరిదన్న విషయంలో కూడా ఒకటికి మించిన కథనాలున్నాయి. డేవిడ్ టానర్, స్టువర్ట్ రైస్ 1985లో ప్రచురించిన పద్ధతిలో రెండు పల్స్‌లుంటాయి. మొదటిది అణువును ఉత్తేజిత స్థితికి లేపుతుంది. అక్కడ అది కదులుతూ సరైన చోటికి చేరే క్షణంలో రెండోది దాన్ని కిందికి దించి, కోరిన దారిలో విడిపోయేట్టు చేస్తుంది. ఇక్కడ నియంత్రణ చేతిలో ఉన్నది కాలవ్యవధి. పాల్ బ్రూమర్, మోషే షపీరో 1986లో ప్రతిపాదించినది వేరు. ఒకే అంతిమ స్థితికి రెండు దారులు తెరిచి, ఉదాహరణకు ఒకటి మూడు ఫోటాన్లతో, మరొకటి వాటి మొత్తం శక్తి ఉన్న ఒకే ఫోటాన్‌తో, ఆ దారుల మధ్య వ్యతికరణాన్ని లేజర్ల సాపేక్ష దశతో మార్చడం దాని ఆలోచన. దీన్ని పరమాణువుల్లో 1990లో పాదరసం మీద, అణువుల్లో 1991లో హైడ్రోజన్ క్లోరైడ్ మీద పరీక్షించి చూపారు. ఈ రెండు ప్రతిపాదనల్లో ఏది ముందన్నది తేదీల లెక్కలో ఏడాది తేడా మాత్రమే. రెండిటి భౌతిక సూత్రాలూ వేరు కాబట్టి ప్రాధాన్యపు చర్చకు ఇక్కడ పెద్ద ఫలితం కనిపించదు. మనకు అవసరమైన సంగతి ఒకటే: రెండు పద్ధతుల్లోనూ పరిశోధకుడికి ముందుగానే ఒక యంత్రాంగం తెలుసు. ఏం జరగాలో ఊహించి, అలా జరిగిందో లేదో చూస్తాడు.

ఈ స్థితిని మార్చినవి 1992లో రిచర్డ్ జడ్సన్, హెర్షెల్ రాబిట్జ్ రాసిన పత్రం, దానికి పనిముట్టు ఇచ్చిన లేజర్ సాంకేతికత. పెద్ద అణువుల విషయంలో ముందుగా లెక్క కట్టడం దాదాపు అసాధ్యం కాబట్టి, ఆ లెక్కను అణువు చేతే చేయించాలని వారి సూచన. పల్స్ ఆకృతిని యాదృచ్ఛికంగా మారుస్తూ, ఫలితం మెరుగైన ఆకృతులను నిలబెట్టి, వాటిని కలిపి కొత్తవి పుట్టిస్తూ పోవాలి. జీవపరిణామాన్ని అనుకరించే అల్గారిదమ్ ఈ పని చేస్తుంది. ఎందుకు కుదిరిందో తెలియకపోయినా కుదిరిన పల్స్ చేతికొస్తుంది. ఈ వ్యాసం దృష్టిలో ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ ఈ చివరి మాటలోనే ఉన్నాయి.

4. ఈ పద్ధతితో రసాయన విఘటనాన్ని నియంత్రించినట్టు చూపిన తొలి ప్రసిద్ధ ప్రయోగం జర్మనీలోని వ్యుర్ట్స్‌బుర్గ్‌లో గుస్తావ్ గెర్బర్ బృందానిది. 1998లో ప్రచురితమైంది. దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి. 800 నానోమీటర్ల దగ్గర, సుమారు 80 ఫెమ్టోసెకన్ల నిడివి ఉన్న పల్స్‌ను ఒక గ్రేటింగ్ మీద వేస్తే దానిలోని రంగులు విడిపోయి పక్కపక్కన పరుచుకుంటాయి. ఆ వరుసకు అడ్డంగా 128 గడులున్న ద్రవ స్ఫటిక ఫలకం ఉంటుంది. ఒక్కో గడికి ఇచ్చే వోల్టేజిని బట్టి ఆ గడి గుండా పోయే రంగు కొద్దిగా ఆలస్యమవుతుంది. రెండో గ్రేటింగ్ రంగులన్నిటినీ మళ్ళీ ఒకే పుంజంగా చేరుస్తుంది. కాంతి మొత్తం శక్తి దాదాపు మారదు, కాలంలో దాని పరుపు మారుతుంది. ఒక్కో గడికి పదే విలువలు అనుకున్నా సాధ్యమైన ఆకృతుల సంఖ్య 1 పక్కన 128 సున్నాలు. అన్నీ ప్రయత్నించి చూడడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టే అల్గారిదమ్ అవసరమైంది.

అణువుగా ఐరన్ పెంటాకార్బొనిల్‌ను, ఇనుముకు సైక్లోపెంటాడైయినైల్ వలయం, రెండు కార్బొనిల్‌లు, ఒక క్లోరిన్ అతికి ఉన్న మరో సమ్మేళనాన్ని వాడారు. రెండో దానిలో, ఒక్క కార్బొనిల్ మాత్రమే పోయిన అయాన్‌కూ, ఇనుము, క్లోరిన్ మాత్రమే మిగిలిన అయాన్‌కూ మధ్య నిష్పత్తి సుమారు 5:1 నుంచి సుమారు 1:1 దాకా మారిందని నివేదించారు. మొదటి ప్రతిపాదనకు (అ) ఇది బలమైన ఆధారం. అందులో సందేహం పెట్టుకోనక్కర్లేదు.

అయితే ఈ నిష్పత్తి దేని గురించి చెబుతోంది? ఒక ముక్కలో చాలా బంధాలు నిలిచాయి. రెండో ముక్కలో చాలా బంధాలు తెగాయి. అంటే కొలిచినది ఈ బంధమా ఆ బంధమా అన్నది కాదు, అణువు తక్కువగా పగిలిందా ఎక్కువగా పగిలిందా అన్నది. తక్కువ, ఎక్కువ అన్న తేడాను తీవ్రత, నిడివి కూడా తేగలవు. వ్యుర్ట్స్‌బుర్గ్ ఫలితంలో ఆకృతికి పాత్ర లేదని దీనర్థం కాదు. ఆ నిష్పత్తి ఒక్కటే రెండో, మూడో ప్రతిపాదనలను నిరూపించలేదని మాత్రమే.

5. మూడో ప్రతిపాదనకు ఎక్కువ దగ్గరగా వచ్చినది రాబర్ట్ లెవిస్, గెటాహున్ మెన్‌కిర్, రాబిట్జ్ 2001లో ప్రచురించిన పని. వీరు వాడిన తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10 లక్షల కోట్ల వాట్ల స్థాయిది. ఈ స్థాయి తీవ్రత ఒక బల్ల మీద సాధ్యమైంది డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ 1985లో కనిపెట్టిన పల్స్ వర్ధన పద్ధతి వల్ల. 2018 భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం వారిద్దరికీ వచ్చింది. తీవ్రత మరో పది రెట్లు పెరిగితే కాంతిలోని విద్యుత్ క్షేత్రం ఆంగ్‌స్ట్రామ్ దూరానికి సుమారు 2.7 వోల్టులకు చేరుతుంది. ఒక బంధం పొడవు ఒకటి, ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామ్‌లు కాబట్టి, ఆ స్థాయిలో క్షేత్రం బంధాన్ని నిలిపి ఉంచే బలాలతో పోల్చదగినదవుతుంది. వీరు వాడిన తీవ్రతలోనే అణువు శక్తిస్థాయిలు వంగిపోతాయి. లేజర్ రంగు ఏదో ఒక స్థాయికి సరిగ్గా సరిపోవాలన్న షరతు సడలుతుంది. ఒకే లేజర్‌తో అనేక రకాల అణువుల మీద పని చేయవచ్చన్న వారి వాదానికి ఇదే ఆధారం.

వారి ఉదాహరణల్లో అసిటోఫినోన్ చాలా ముఖ్యమైనది. ఈ అణువు ద్రవ్యరాశి 120. మధ్యలో కార్బొనిల్, దానికి ఒక పక్క ఫినైల్, మరో పక్క మిథైల్. మామూలుగా అయనీకరిస్తే మిథైల్ ఊడి 105 దగ్గర, కార్బొనిల్ కూడా పోయి 77 దగ్గర ప్రధాన శిఖరాలు వస్తాయి. లెవిస్ బృందం ఈ రెండింటి నిష్పత్తిని మార్చడంతో పాటు 92 దగ్గర ఒక సంకేతాన్ని పెంచినట్టు చెప్పింది. 92 టోలుయీన్ అయాన్ ద్రవ్యరాశి. అంటే మధ్యలోని కార్బొనిల్ బయటికి పోయి, మిథైల్ వెళ్ళి ఫినైల్‌ను పట్టుకుందన్నమాట. బంధం తెంచడమే కాదు, లేని బంధాన్ని లేజర్ కట్టిందన్నది ఇక్కడి వాదం. ఎక్కువ పగలడం, తక్కువ పగలడం అన్న లెక్కతో దీన్ని వివరించడం కష్టం.

దీనికి వారు ఇచ్చిన తోడు ఆధారం జాగ్రత్తగా ఆలోచించి చేసినది. మిథైల్‌లోని మూడు హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం ఉన్న అసిటోఫినోన్‌ను వాడితే, దానికి అనుగుణంగా మూడు డ్యుటీరియంలున్న టోలుయీన్ అయాన్ కనిపించింది. కాబట్టి ఆ శిఖరం ఏదో మలినం వల్ల వచ్చిందన్న అనుమానం చాలావరకు తొలగుతుంది. అయినా మాస్ స్పెక్ట్రోమీటర్ ద్రవ్యరాశిని, విద్యుదావేశాన్ని చూస్తుంది కాని ఆకారాన్ని చూడదు. ఏడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లున్న అయాన్ టోలుయీన్ ఆకారంలో ఉండవచ్చు, ఏడు కార్బన్ల వలయమైన సైక్లోహెప్టాట్రైయీన్ ఆకారంలోనూ ఉండవచ్చు. రెండిటి ద్రవ్యరాశీ 92. మిథైల్ ముక్క, ఫినైల్ ముక్క ఒకే అయాన్‌లో కలిశాయన్నంతవరకు డ్యుటీరియం ఆధారం గట్టిది. ఆ కలయికకు ఏ ఆకారం వచ్చిందన్నది దానితో తేలదు.

6. ఈ మొత్తం చర్చలో తీవ్రమైన ఆక్షేపణ 2008లో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. దాన్ని లేవనెత్తిన మార్కోస్ డాంటస్ జెవైల్ దగ్గర డాక్టరేట్ చేసినవాడు. ఆకృతి దిద్దిన పల్స్‌లతో చాలాకాలం పనిచేసినవాడు కూడా. కాబట్టి ఇది బయటివారి అవిశ్వాసం కాదు. ఆయన బృందం డజనుకు పైగా అణువులను తీసుకుని, అల్గారిదమ్‌ను పక్కన పెట్టి, పల్స్ దశలను ఒక క్రమంలో మారుస్తూ పోయింది. చాలా భిన్నమైన ఆకృతులు కూడా, వాటి సగటు నిడివి ఒకటే అయినప్పుడు, దాదాపు ఒకే తీరు ముక్కలనిచ్చాయని, ముక్కల నిష్పత్తిని ప్రధానంగా నిర్ణయించేది పల్స్ శక్తి, నిడివి అని వారు తేల్చారు.

యంత్రాంగం ఏమిటన్నది కూడా అర్థం చేసుకోదగినదే. పల్స్ ముందు భాగం ఎలక్ట్రాన్‌ను పెరికి అణువును అయాన్‌గా మారుస్తుంది. పల్స్ సాగితే వెనుక భాగం ఆ అయాన్‌కు మరిన్ని ఫోటాన్లనిచ్చి ఇంకా పగలగొడుతుంది. పల్స్ కురచగా ఉంటే ఈ రెండో పనికి వ్యవధి ఉండదు. ఈ చిత్రం సరైనదైతే, అల్గారిదమ్ తెచ్చిన క్లిష్టమైన ఆకృతుల్లో చాలావాటికి అసలు అర్థం నిడివి మార్చడమే కావచ్చు.

ఈ ఆక్షేపణను ఎంతవరకు తీసుకోవాలి? రెండు పరిమితులు కనిపిస్తున్నాయి. ఒకటి, క్రమపద్ధతిలో ఎంచుకున్న ఆకృతులు ఎన్నైనా, సాధ్యమైన ఆకృతుల సముద్రంలో అవి ఒక చిన్న భాగమే. అల్గారిదమ్ చేరిన చోటు ఆ భాగంలో లేకపోవచ్చు. రెండు, బెర్లిన్‌లో లుడ్‌గర్ వ్యోస్టే బృందం 2003లో ప్రచురించిన పని. మాంగనీస్ ట్రైకార్బొనిల్ సమ్మేళనం మీద అల్గారిదమ్ కనుగొన్న పల్స్‌ను సిద్ధాంత గణనలతో పక్కపక్కన పెట్టి, అందులోని ఒక్కో ఉపపల్స్ ఏ పని చేస్తోందో వారు విడదీయగలిగారు. ఆ పల్స్ అణువును ముక్కలు కానివ్వకుండా అయాన్‌గా మార్చడానికి అనుకూలించింది. అక్కడ ఉపపల్స్‌ల మధ్య వ్యవధికి అర్థం ఉంది. కనీసం ఒక ఉదాహరణలోనైనా ఆకృతి నిడివికి మారుపేరు కాదని దీన్నిబట్టి చెప్పవచ్చు. కాని అది నివారించింది విఘటనాన్ని, ఎంచుకున్నది బంధాన్ని కాదు.

7. నిడివి, శక్తి మారకుండా దశ ఒక్కటే మారిన ప్రయోగాలు దొరికితే రెండో ప్రతిపాదన (ఆ) గురించి ఇంత శ్రమ అవసరం లేదు. అలాంటివి ఉన్నాయి. కాకపోతే అవి చిన్న అణువుల మీద జరిగాయి.

డ్యుటీరియం అణువు మీద 2006లో మథియాస్ క్లింగ్ తదితరులు ప్రచురించిన ప్రయోగంలో పల్స్ నిడివి 5 ఫెమ్టోసెకన్లు. 800 నానోమీటర్ల దగ్గర కాంతి తరంగం ఒక చుట్టు తిరగడానికి సుమారు 2.7 ఫెమ్టోసెకన్లు పడుతుంది కాబట్టి, ఆ పల్స్‌లో రెండు చుట్లకు మించి పట్టవు. అంత కురచ పల్స్‌లో తరంగ శిఖరం పల్స్ నడుమన పడిందా, పక్కకు జరిగిందా అన్నది లెక్కలోకి వస్తుంది. ఆ ఒక్క దశను మార్చినప్పుడు, అయాన్ రెండుగా విడిపోయే క్షణంలో మిగిలిన ఎలక్ట్రాన్ ఏ కేంద్రకం వైపు ఉండిపోతుందో మారింది. ఆవేశం ఉన్న ముక్క ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఎక్కువగా వచ్చింది. శక్తి అదే, నిడివి అదే. డాంటస్ వాదం ఇక్కడ వర్తించదు.

ఆ ఏడాదే ఒట్టావాలో ఆల్బర్ట్ స్టోలో బృందం అయోడిన్ మోనోబ్రోమైడ్ మీద మరో దారి చూపింది. అణువు విడిపోతున్న దారిలో రెండు శక్తివక్రాలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చే చోట, అయనీకరించనంత తీవ్రత మాత్రమే ఉన్న పరారుణ పల్స్‌ను సరైన క్షణంలో వేసి, ఆ వక్రాలను తాత్కాలికంగా జరిపారు. దాంతో బ్రోమిన్ మామూలు స్థితిలో బయటికొస్తుందా, ఉత్తేజిత స్థితిలో వస్తుందా అన్న నిష్పత్తి మారింది. ముందుగా యంత్రాంగం చెప్పి, తర్వాత చూపిన పని ఇది. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో ఇంతవరకు చెప్పుకున్నవాటిలో రెండో ప్రతిపాదనకు అత్యంత నమ్మదగిన ఆధారాలు ఈ రెండే.

మూడో ప్రతిపాదనకు మాత్రం ఇవి నేరుగా సాయపడవు. డ్యుటీరియంలోనూ అయోడిన్ మోనోబ్రోమైడ్‌లోనూ ఉన్నది ఒక్కటే బంధం. ఎంచుకున్నది ఎలక్ట్రాన్ ఏ వైపుకు, ముక్క ఏ స్థితిలో అన్నవి.

8. అనేక బంధాలున్న అణువుల్లో ఆకృతి పాత్రను పట్టుకోవడానికి అద్దం వంటి ఒక పరీక్ష ఉంది. పల్స్‌లో ఎరుపు వైపు రంగులు ముందు, నీలం వైపు రంగులు వెనుక వచ్చేలా సాగదీయడం ధన చర్ప్. వరుస తిప్పితే రుణ చర్ప్. రెండింటినీ సమానంగా సాగదీస్తే శక్తి, వర్ణపటం, నిడివి, గరిష్ఠ తీవ్రత సూత్రరీత్యా ఒకటే. మారేది రంగులు వచ్చే వరుస ఒక్కటే. రెండిట్లో ముక్కలు వేరుగా వస్తే నిడివి మాత్రమే కారణమనడానికి వీలుండదు.

ఐఐటీ కాన్పూర్‌లో దేబబ్రత గోస్వామి బృందం 2009లో నార్మల్ ప్రొపైల్ బెంజీన్ మీద ఈ పరీక్ష చేసింది. మూడు కార్బన్లు మూడు హైడ్రోజన్లున్న అయాన్, ఐదు కార్బన్లు ఐదు హైడ్రోజన్లున్న అయాన్ రుణ చర్ప్‌తోనూ, ఆరు కార్బన్లు ఐదు హైడ్రోజన్లున్న ఫినైల్ అయాన్ ధన చర్ప్‌తోనూ, సాగదీయని పల్స్‌తో పోలిస్తే సుమారు పది రెట్లు పెరిగినట్టు చెప్పారు. ఇతర బరువైన ముక్కల్లో చర్ప్ గుర్తును బట్టి అటువంటి పెరుగుదల కనిపించలేదని కూడా వారే రాశారు. ఈ రెండో వాక్యాన్ని వదిలేసి మొదటిదాన్ని ఉదహరించడం సరికాదు. కొన్ని దారుల్లో రంగుల వరుసకు పాత్ర ఉందని, చాలా దారుల్లో లేదని ఈ ఫలితాన్ని చదవవచ్చు. అది డాంటస్ ముగింపును పూర్తిగా కొట్టివేయదు, పూర్తిగా సమర్థించదు.

ఇక్కడ కూడా రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది: రంగుల వరుస ముఖ్యమైనంత మాత్రాన వ్యతికరణం జరిగిందని అర్థం కాదు. అయాన్ మొదట ఒక రంగును, అది మారిన తర్వాత మరో రంగును గ్రహించే మెట్ల దారి ఉంటే, దశల సంబద్ధత లేకుండానే వరుస తేడా తేగలదు. రెండోది: 800 నానోమీటర్ల పల్స్ గాజు గుండా పోయినప్పుడల్లా దానికి కొంత ధన చర్ప్ చేరుతుంది. నిర్వాత గది కిటికీ, కటకం రెండూ గాజులే. కాబట్టి చర్ప్ సున్నా ఎక్కడన్నది లేజర్ గుమ్మం దగ్గర కాక, అణువులున్న నాభి దగ్గర కొలవాలి. అక్కడ కొలవకపోతే ధన, రుణ చర్ప్‌లుగా రాసుకున్న రెండు పల్స్‌లకు నిజంగా ఒకే నిడివి ఉందని చెప్పలేం. ఈ కొలతతో పాటు, సాగదీయని పల్స్ తీవ్రతను మెట్లుమెట్లుగా తగ్గించినప్పుడు అవే ముక్కలు ఎలా మారాయో చూపే పట్టిక కూడా ఉన్న పత్రాలను, అవి లేని పత్రాల నుంచి విడదీసి తూచాలి. అసిటోఫినోన్‌లో 92 దగ్గరి శిఖరానికి, ఐరన్ కార్బొనిల్‌ల నిష్పత్తులకు ఈ తూకం వేరువేరుగా జరగాలి. ఒకదానికి తేలిన ఫలితాన్ని మరొకదానికి అంటగట్టడానికి ఇప్పుడున్న ఆధారాలు సరిపోవు.